సుద్దధూళి: ఒక నల్లబల్ల సూత్రత్రయానికి టీకా తాత్పర్యాలు

మూలం

రేపు పుస్తకాలు తేవద్దు.
పాత పేపరు, రెండు ఈనెపుల్లలు, గుప్పెడు అన్నం, చారెడు ముగ్గుపిండి తేవాలి.
అల్లరి కొంచెం చేయవచ్చు.

అవతారిక

సంక్రాంతి సెలవులకు ముందు మిగిలిన ఒక్క పనిదినాన్ని ఏం చేయాలన్న చిక్కు తెలుగునాట ప్రాథమిక పాఠశాలలకు ఏటా జనవరిలో ఎదురవుతూనే ఉంటుంది. ఆ రోజుకు కొందరు పిల్లలు అప్పటికే అమ్మమ్మగారి ఊరి బస్సు ఎక్కి ఉంటారు, వచ్చినవారి మనసులు కూడా ఆ బస్సులోనే ఉంటాయి. కొత్త పాఠం మొదలుపెడితే సెలవుల తర్వాత మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి, పాత పాఠం తిరగేయిస్తే చెప్పేవారికే ఆవులింతలు వస్తాయి. ఈ చిక్కు విడదీయడానికి ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి ఉపాధ్యాయిని, ముందురోజు సాయంత్రం లాంగ్‌బెల్లు కొట్టడానికి కాస్త ముందుగా, తెల్ల సుద్దముక్కతో నల్లబల్ల మీద రాసిన మూడు వాక్యాలే పైన చూపిన మూలం.

అవతారిక అనగా మూలం ఏ సందర్భంలో, ఏ అవసరం కోసం వెలువడిందో చెప్పే ప్రస్తావన. అది పూర్తయింది కనుక ఇక మూలస్వరూపాన్ని చూడవలసి ఉంది. శాస్త్రకారులు సూత్రానికి చెప్పిన లక్షణాలలో అక్షరాలు తక్కువగా ఉండటం, సందేహానికి తావు లేకపోవడం, సారం నిండి ఉండటం ముఖ్యమైనవి. ఈ మూలంలో మొదటిదీ చివరిదీ పుష్కలంగా ఉన్నాయి. సందేహం లేకపోవడమన్నది మాత్రం మొదటి వాక్యంలో కొంత, రెండో వాక్యంలో బాగా ఉండి, మూడో వాక్యంలో బొత్తిగా లేకపోవడం వల్ల వ్యాఖ్య అవసరమైంది. మెదక్ ప్రాంతపు కొలిచెలమ వాడిగా ప్రసిద్ధుడై, కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేశాడు. సుద్దధూళి అనే ఈ వ్యాఖ్య ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికి మాత్రమే కట్టుబడుతుంది.

ఏ గ్రంథాన్నయినా పట్టుకునే ముందు దాని విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటినీ తేల్చుకోవాలని పెద్దలు అంటారు. ఈ నాలుగింటికీ కలిపి అనుబంధ చతుష్టయం అని పేరు. విషయం స్పష్టమే, సెలవు ఇంకా రాకముందే దాని సందడిని తరగతిలోకి పిలవడం. ప్రయోజనం ఇరుపక్షాలకూ వేరు: పిల్లలకు ఆట, ఉపాధ్యాయినికి హాజరు, ఎందుకంటే ఆట ఉందని తెలిస్తే పొద్దుటి బస్సుకు వెళ్లవలసినవాడు సాయంత్రం బస్సుకు వెళతానని ఇంట్లో పేచీ పెడతాడు. సంబంధం అనగా గ్రంథానికీ విషయానికీ ఉన్న లంకె. దానిని ఏ పాఠకుడూ ఎప్పుడూ అడిగిన దాఖలా లేదు కనుక ఇక్కడా వదిలేయడమైనది.

చిక్కంతా అధికారి దగ్గర వచ్చింది. అధికారి అనగా ఇక్కడ తనిఖీకి వచ్చే ఉద్యోగి కాదు, గ్రంథం ఎవరి కోసం పుట్టిందో ఆ అర్హత కలవాడు. ఆ బడిలో నాలుగో తరగతి, ఐదో తరగతి ఒకే గదిలో కూర్చుంటాయి. నల్లబల్ల ఐదో తరగతిది కాబట్టి దాని మీది రాత తమకు మాత్రమే వర్తిస్తుందని ఐదో తరగతివారు, కళ్లు అందరివీ కాబట్టి చదవగలిగిన ప్రతివాడికీ వర్తిస్తుందని నాలుగో తరగతివారు వాదించుకున్నారు. మర్నాడు నాలుగో తరగతి మొత్తం ఈనెపుల్లలతో దిగడంతో, ఆచారమే ప్రమాణం అనే న్యాయాన్ని అనుసరించి రెండో పక్షమే నిలిచింది. మూలకర్త్రి ఎక్కడా పండుగ పేరు ఎత్తలేదన్న సంగతిని కూడా ఈ సందర్భంలోనే గుర్తించాలి. పేరు ఎత్తి ఉంటే ఆ పండుగ చేసుకోని ఇంటి పిల్లవాడు రేపటి ఆట తనదో కాదో అని ఒక్క క్షణమైనా తడబడేవాడు, ఎత్తకపోవడం వల్ల అతనికీ అధికారం సిద్ధించింది.

ప్రథమ సూత్రం

ప్రతిపదార్థం: రేపు = ఈ వాక్యం రాసిన దినానికి మర్నాడు; పుస్తకాలు = వాచకం, లెక్కల పుస్తకం, నోటుపుస్తకాలు, అన్నయ్య వాడి వదిలేసిన గైడు; తేవద్దు = బడికి మోసుకురావద్దు.

రేపు అనే మాట రాసినవారి దినాన్ని బట్టి కాక చదివేవారి దినాన్ని బట్టి అర్థమిస్తుందని ఎవరైనా అంటే, ముందురోజు బడి ఎగ్గొట్టి మర్నాడు వచ్చి బోర్డు చదివినవాడికి రేపు అంటే సెలవుల మొదటి రోజు అవుతుంది, అతడు సెలవు నాడు ఖాళీ బడికి ముగ్గుపిండి పట్టుకుని వస్తాడు. ఈ దోషం రాకుండా నల్లబల్ల కుడిమూల తేదీ, మొత్తం ఎందరు, హాజరు ఎందరు అన్న లెక్క రోజూ రాసి ఉంటుంది కాబట్టి, ఆ తేదీతో కలిపి చదివితే సందేహం తీరుతుంది. సూత్రాన్ని దాని పరిసరంతో కలిపి చదవాలన్న నియమం ఇందుకే ఏర్పడింది.

పుస్తకాలు అన్న పదం ఉపలక్షణం. ఒకదాన్ని పేర్కొని దాని జాతిలో మిగిలినవాటినీ సూచించడం ఉపలక్షణం. కాకులు ముట్టకుండా పెరుగును చూడమని చెబితే పిల్లి వచ్చినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోకూడదన్నది దీనికి శాస్త్రకారులు ఇచ్చే ఉదాహరణ. మొదటి బెంచీ విద్యార్థిని ఒకతె ఈ న్యాయం తెలియక ఎక్కాల పుస్తకాన్ని వెంట తెచ్చి, దానికి అట్ట ఊడిపోయింది కనుక అది పుస్తకాలలో చేరదని, పాత పేపరులో చేరుతుందని వాదించింది. వాదంలో పస ఉన్నా, ఎక్కాలు ఏ అట్టలో ఉన్నా ఎక్కాలే కనుక ఆ పుస్తకం సాయంత్రం దాకా కిటికీ గూట్లో ఉండవలసి వచ్చింది.

శంక: పుస్తకాలు వద్దంటే సంచీ కూడా వద్దనే కదా? సమాధానం: కాదు, సంచీ లేకపోతే రెండో సూత్రంలో చెప్పిన అన్నాన్ని, పిండిని దేనిలో తెస్తారు? ఒక సూత్రం మరొక సూత్రాన్ని ఆచరణలో పెట్టలేకుండా చేసే అర్థాన్ని స్వీకరించకూడదు. ఇక్కడ పాలకుల శాసనం ఒకటి ప్రస్తావనకు వస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఏదో ఒక కాలంలో 10 రోజులు పిల్లలు సంచీ లేకుండా వచ్చి, వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు వంటి స్థానిక వృత్తిదారుల దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. ఐదో తరగతి ఆ శాసనం పరిధిలోకి రాదు. మూలకర్త్రి సంచీని ఉంచి పుస్తకాలను మాత్రమే తీసేయడాన్ని, విధానం దయ ఇంకా చేరని తరగతికి తన వంతుగా ఒక రోజు కలిపి ఇవ్వడంగా గ్రహించాలి.

ద్వితీయ సూత్రం

ప్రతిపదార్థం: పాత పేపరు = చదివేసిన దినపత్రిక; రెండు ఈనెపుల్లలు = కొబ్బరాకు నడిమి ఈనెలు, అనగా చీపురులోనివి; గుప్పెడు అన్నం = మూసిన పిడికిట పట్టినంత అన్నం; చారెడు ముగ్గుపిండి = ఒక అరచేతిని దొప్పలా వంచితే నిలిచినంత పిండి; తేవాలి = ప్రతివారూ తీసుకురావలసిందే.

ఈ సూత్రంలో ప్రతి పదానికీ ఇంటింటా వేరువేరు వ్యాఖ్యలు పుట్టాయి. పాత అన్న విశేషణం చాలా అవసరమైనదని, ఆనాటి పేపరులో రాశిఫలాలు ఇంకా చదవని తాతగారి చేతిలోంచి పుట ఊడబెరుక్కున్న మనవడి ఇంట్లో తేలింది. పేపరు వేయించుకోని ఇళ్లవారికి మిరపకాయ బజ్జీల పొట్లం గతి అయింది; నూనె పీల్చిన కాగితం బరువెక్కి గాలిపటమై ఎగరదు కాబట్టి అటువంటివారికి బడి బీరువాలోని పాత పేపర్లు పంచిపెట్టారు. ఈనెపుల్లల విషయంలో మూలం ఏ చీపురునుంచి అని చెప్పకపోవడం వల్ల, పండుగ ముందు ఇల్లు దులపడానికని కొత్తగా కొన్న చీపుర్లు చాలావరకు రెండేసి పుల్లలు చిక్కాయి. పుల్ల నిటారుగా ఉండాలి, వంచితే విరగకూడదు, పాత చీపురు పుల్ల మొన అరిగి పెళుసెక్కి ఉంటుంది కనుక, ఈ విషయంలో పిల్లల వ్యాఖ్యే సరైనదని తల్లులు తప్ప మిగిలిన అందరూ ఒప్పుకుంటారు.

అన్నం దేనికి? ఆకలికి కాదు, మధ్యాహ్న భోజనం బడిలోనే ఉంది. అంటించడానికి. ఉడికేటప్పుడు బియ్యంలోని పిండిపదార్థం నీరు పీల్చుకుని ఉబ్బి జిగురుగా మారుతుంది, ఆ మెతుకును కాగితం మీద పెట్టి బొటనవేలితో రాస్తే చాలు, ఆరిన తర్వాత పీకినా రాదు. మెత్తగా ఉడికిన అన్నం ఇందుకు ప్రశస్తం, పలుకుపలుకుగా విడిపోయే బిర్యానీ అన్నం నిరుపయోగం. సీసాలో దొరికే గమ్ము తెమ్మని రాయకుండా అన్నం తెమ్మని రాయడంలో మూలకర్త్రి హృదయం తెలుస్తోంది. ఈ నాలుగు వస్తువులలో డబ్బు పెట్టి కొనవలసినది ఒక్కటీ లేదు. అంగడికి వెళ్లనక్కరలేదు, ఇంట్లో ఎవరినీ ఫలానాది కొనిపెట్టమని అడగనక్కరలేదు, అందుచేత ఏ పిల్లవాడూ చేతులు ఊపుకుంటూ వచ్చి ఒక మూల నిలబడవలసిన అవసరం రాలేదు. ఈ మూలానికి ప్రాణం ఈ పట్టికలోనే ఉందని వ్యాఖ్యాత అభిప్రాయం. బడులలో జరిగే పండుగ ఉత్సవాలలో కొన్నిటికి ముందురోజు తల్లిదండ్రుల ఫోనుకు సందేశం వస్తుంది: అమ్మాయికి పట్టుపావడా, అబ్బాయికి పంచె, ఫలానా వరుసవారికి హరిదాసు వేషం తప్పనిసరి అని. అద్దెకు తెచ్చిన అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని ఆ పిల్లవాడు ఫొటో తీసేదాకా కదలకుండా నిలబడతాడు, ఆ తర్వాత పాత్ర పడిపోతుందన్న భయంతో కదలడు. అక్కడ ఖర్చు పెద్దలది, ఆనందం ఫోనుది.

ఇక విధానం. దినపత్రిక పుట దీర్ఘచతురస్రం. గాలిపటానికి, తెలంగాణలో పతంగికి, నలుచదరం కావాలి. స్కేలు లేదు, పుస్తకాలతోపాటు అదీ ఇంట్లోనే ఉండిపోయింది. పుట పొట్టి అంచును పొడుగు అంచు మీదికి వచ్చేలా ఒక మూలనుంచి ఏటవాలుగా మడిచి, పక్కన మిగిలిన పట్టీని చింపేస్తే, విప్పినప్పుడు నాలుగు భుజాలూ సమానమైన చదరం వస్తుంది. పారేయబోయిన ఆ పట్టీనే నిలువునా చీల్చి అంటిస్తే తోక అవుతుంది. తోక గాలివాలున వెనక్కి లాగుతూ ఉంటుంది కాబట్టి పటం గిరగిరా తిరగకుండా నిలుస్తుంది. మడత పడిన చోట ఏర్పడిన గీతకు కర్ణం అని పేరు, అనగా చతుర్భుజంలో ఎదురెదురు మూలలను కలిపే గీత. రెండోవైపు కూడా మడిస్తే రెండో కర్ణం వస్తుంది, రెండూ సరిగ్గా మధ్యలో లంబంగా ఖండించుకుంటాయి, అంటే కలిసిన చోట నాలుగు లంబకోణాలు ఏర్పడతాయి. ఒక ఈనెను నిలువు కర్ణం వెంట నిటారుగా, రెండోదాన్ని విల్లులా వంచి కుడి ఎడమ మూలలకు చేరేలా అంటించాలి. రేఖాగణితం పాఠంలో చివరి అభ్యాసం దాకా వెళ్లినా లంబం అంటే బోధపడనివాడికి, ఆ విల్లు ఒక పక్కకు ఎక్కువగా ఒరిగి పటం నేలకు ముక్కు కొట్టుకున్నప్పుడు బోధపడింది.

శంక: గాలిపటానికి దారం కావాలి కదా, మూలంలో దారం ఊసే లేదే? సమాధానం: మౌనం కూడా మూలంలో భాగమే. దారం తెమ్మంటే పిల్లలు మాంజా తెస్తారు. మాంజా అనగా గాజుపొడి కలిపిన బంక పూసి పదును పెట్టిన దారం. దానిలో నైలాను రకం తెగదు, కుళ్లదు, చెట్ల మీద చిక్కుకుని పక్షుల రెక్కలను, వీధులకు అడ్డంగా వేలాడి బండి మీద వెళ్లేవారి మెడలను కోస్తుంది. నైలాను వంటి కృత్రిమ దారంతో చేసిన మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించినా పండుగ రోజుల్లో దొంగచాటుగా దొరుకుతూనే ఉంటుంది. అందుకని దారం మాట ఎత్తకుండా, మూలకర్త్రి తానే ఒక నూలు ఉండ తెచ్చి తలా కొంత తుంచి ఇచ్చారు. అడగకపోవడమే ఇక్కడ కట్టుదిట్టం.

ముగ్గుపిండి వినియోగం వరండాలో జరిగింది. ముగ్గుల లెక్కలో రెండు సంప్రదాయాలు. ఎదురుచుక్క అనగా పై వరుస చుక్క కింది వరుస చుక్కకు సూటిగా రావడం. సందుచుక్క అనగా రెండు చుక్కల సందుకు ఎదురుగా రావడం. ఎదురుచుక్కలు 7 నుంచి 1 వరకు అంటే నడిమి వరుసలో 7, దానికి పైనా కిందా 5, 3, 1. అన్నీ ఎన్ని అని అడిగితే నాలుగో తరగతి మోకాళ్ల మీద కూర్చుని వేలు పెట్టి లెక్కించి 25 అంది. ఐదో తరగతిలో ఒకడు వేలు పెట్టకుండా, పైనుంచి నడిమి వరుసదాకా 1, 3, 5, 7 కలిపితే 16 అని, అది నాలుగు నాలుగులని, కింద మిగిలినవి 9 అని, అవి మూడు మూడులని చెప్పాడు. బేసి సంఖ్యలను 1 నుంచి వరుసగా కలుపుతూ పోతే ఎప్పుడూ వర్గసంఖ్యే వస్తుందన్న నియమం ఇది. వర్గసంఖ్య అనగా ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే వచ్చేది. సందుచుక్కలు 7 నుంచి 4 వరకు పెడితే నడిమి 7కు ఇరువైపులా 6, 5, 4 చొప్పున చేరి 37 అవుతాయి, ఆకారం ఆరుపలకలుగా వస్తుంది. ముగ్గు వేయడం ఆడపిల్లల పని అని మొదట దూరంగా నిలబడిన మగపిల్లలు, లెక్క తప్పిందని అరవడానికి దగ్గరికి వచ్చి పిండిలో చేయి పెట్టారు. ఉపాధ్యాయిని ఆ నియమం పేరు ఆ రోజు చెప్పలేదు. ఆట ఆడించి చివర ఇంతసేపూ మీరు నేర్చుకున్నది ఫలానా పాఠం అని ప్రకటించేవారిని పిల్లలు రెండోసారి నమ్మరు. ఈ సంయమానికి వ్యాఖ్యాత రెండు చేతులూ జోడిస్తున్నాడు.

తృతీయ సూత్రం

ప్రతిపదార్థం: అల్లరి = (వివాదాస్పదం); కొంచెం = (అత్యంత వివాదాస్పదం); చేయవచ్చు = చేయడానికి అనుమతి ఉంది.

వాక్యం అర్థమివ్వాలంటే అందులోని పదాలకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని తార్కికులు చెప్పారు. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. ఆ రెండింటి అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. అవి దగ్గర దగ్గరగా పలకబడటం సన్నిధి. నిప్పుతో తడుపుతున్నాడు అన్నది యోగ్యత లేని వాక్యానికి అనాదిగా వస్తున్న ఉదాహరణ. అల్లరి కొంచెం అన్నది దానికి ఇకమీదట రెండో ఉదాహరణగా చేర్చదగినది, ఎందుకంటే అల్లరి పుట్టాక కొంచెంగా ఉన్నట్టు ఏ బడి రికార్డులోనూ కనబడదు.

అయితే మూలాన్ని నిరర్థకమనడం వ్యాఖ్యాతకు తగదు కనుక కొంచెం అన్నదానికి కొలత వెతకాలి. మొదటి బెంచీ సంప్రదాయం ప్రకారం కొంచెం అంటే అడిగి చేసేది. వెనుక బెంచీ సంప్రదాయం ప్రకారం కొంచెం అన్న పదం చేయవచ్చు అన్నదానికి విశేషణం కాదు, అల్లరికి పేరుమాత్రంగా తగిలించిన మర్యాద. అసలు అర్థం అల్లరి చేయవచ్చు అనేదే. ఈ పక్షంవారు తమ సిద్ధాంతానికి బలం కోసం డస్టరుతో కొంచెం అన్న పదాన్ని కొంచెం తుడిచినట్టు కూడా ఆనవాళ్లు ఉన్నాయి, కాని సున్నా, చకారం మిగిలిపోవడం వల్ల పాఠం నిలిచింది.

సిద్ధాంతానికి భరతుడి నాట్యశాస్త్రం ఆధారం ఇస్తుంది. అందులో నవ్వు ఆరు రకాలు: పళ్లు కనబడని చిరునవ్వు స్మితం, పళ్లు కాస్త కనబడితే హసితం, తీయని సవ్వడి తోడైతే విహసితం, ముక్కుపుటాలు ఉబ్బి భుజాలు ముడుచుకుంటే ఉపహసితం, వేళకాని వేళ కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వితే అపహసితం, పక్కలు పట్టుకుని పెద్దగా అరుస్తూ నవ్వితే అతిహసితం. మొదటి రెండూ ఉత్తములవి, నడిమి రెండూ మధ్యములవి, చివరి రెండూ అధములవి అని భరతుడు విభజించాడు. భుజాలు ముడుచుకునే నాలుగో మెట్టు దాకా కొంచెం అనీ, పక్క తరగతి తలుపు తెరుచుకునే ఆరో మెట్టు కొంచెం కాదనీ నిర్ణయించవచ్చు. ఐదో మెట్టు ఉపాధ్యాయిని ముఖం చూసి తేల్చుకోవలసినది.

ఈ కొలతకు ప్రయోగం గంగిరెద్దు ఆటలో జరిగింది. సంక్రాంతికి ఇంటిముందుకు వచ్చే గంగిరెద్దు, ఆడించేవాడు ఏమడిగినా తల ఊపుతుంది. దొరగారికి దండం పెడతావా అన్నా ఊపుతుంది, అమ్మగారు పాతచీర ఇస్తారా అన్నా ఊపుతుంది. ఈ ఆటలో ఎద్దుకు అంత సౌకర్యం లేదు. వెనుక బెంచీలో పొడగరి ఒకడి మీద పూల దుప్పటి కప్పి, అట్టముక్కల కొమ్ములు కట్టి, ఉపాధ్యాయిని నోటితోనే సన్నాయి ఊదుతూ అడిగారు: బసవన్నా, ఏడెనిమిదులు యాభై ఆరేనా? ఎద్దు నిలువునా ఊపింది. తొమ్మిదేళ్లు అరవై రెండేనా? ఎద్దు అలవాటు కొద్దీ నిలువునా ఊపబోయి, మధ్యలో ఆగి, అడ్డంగా ఊపింది, కొమ్ము ఒకటి ఊడి మొదటి బెంచీ అమ్మాయి ఒళ్లో పడింది, తరగతి మొత్తం నాలుగో మెట్టునుంచి ఆరో మెట్టుకు ఐదును తొక్కకుండా వెళ్లిపోయింది. పరీక్షలో ఎక్కాలు ఒక్కటీ సరిగా రాయనివాడు దుప్పటి కింద మాత్రం రెండింటికీ సరిగా జవాబిచ్చాడన్న సంగతి విశేషంగా గమనించదగినది. కారణం వ్యాఖ్యాతకు తోచినంతవరకు, దుప్పటి కింద ఎవరి ముఖమూ కనబడదు.

చేయవచ్చు అన్న క్రియ మీద ఒక మాట. చేయాలి అని ఉంటే అది విధి, అనగా చేయకపోతే తప్పు. చేయవచ్చు అన్నది అనుమతి, చేయకపోయినా తప్పులేదు. రెండో సూత్రంలో తేవాలి అన్న మూలకర్త్రి మూడో సూత్రంలో కావాలనే క్రియ మార్చారు. నవ్వమని ఆజ్ఞ ఇస్తే ఎవరూ నవ్వరు; పైన చెప్పిన పట్టుపావడాల ఉత్సవంలో లేనిది ఈ ఒక్క ప్రత్యయమే. ఇక వ్యంగ్యార్థం, అనగా మాటల్లో లేకుండా స్ఫురించే అర్థం, తరగతిలో అందరికీ తెలిసినదే: రేపు ప్రధానోపాధ్యాయులు మండల కేంద్రంలో సమావేశానికి వెళుతున్నారు.

పూర్వపక్షం

సిలబస్‌వాది ఇలా ఆక్షేపిస్తాడు: పటాలు అంటించుకుంటూ, ముగ్గులు వేసుకుంటూ ఒక దినం గడిపితే పాఠ్యప్రణాళిక ఎప్పటికి పూర్తవుతుంది? ఇది కొత్త ఆక్షేపం కాదు. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో పసిపిల్లల కోసం బాలమందిరం తెరిచిన గిజూభాయి బధేకా రాసిన దివాస్వప్నలో, ఒక ఉపాధ్యాయుడు నాలుగో తరగతిలో కథలు, ఆటలతో ప్రయోగం మొదలుపెడితే తోటి ఉపాధ్యాయులనుంచి, పిల్లల ఇళ్లనుంచి వచ్చినదీ ఇదే. 1993లో యశ్‌పాల్ సంఘం పిల్లల మీది భారం గురించి ఇచ్చిన నివేదికలో కూడా సంచీ బరువు కంటే అర్థం కాని చదువు బరువే ఎక్కువని చెప్పింది. ఈ ప్రమాణాలేవీ మూలకర్త్రి ఎదుట ఉన్నాయని అనుకోనక్కరలేదు. ఆ దినాన పుస్తకాలు తెరిచినా సిలబస్ ఒక్క పుట కదలదని ఆమెకు అనుభవంతో తెలుసు, ఆక్షేపించేవాడికీ తెలుసు. కాబట్టి ఈ ఆక్షేపం రిజిస్టరు కోసం చేసేదే.

ఆచారాన్ని బట్టి చూసినా ఈ ఆటకు వంశం ఉంది. వీధిబడుల కాలంలో దసరా వచ్చిందంటే అయ్యవారు తరగతిని వీధిలోకి తీసుకువెళ్లేవారు. పిల్లలు రంగుకాగితాలు అతికిన విల్లంబులు పట్టుకుని, ఇంటింటి ముందూ దసరా పద్యాలు పాడి, అయ్యవారికి మామూలు, తమకు పప్పుబెల్లాలు అడిగేవారు. పప్పు అనగా ఇక్కడ వేయించిన పుట్నాల పప్పు. ఆ ఊరేగింపులో సరదా పిల్లలదే అయినా దానిలో కొంత అయ్యవారి జీతం వసూలు కూడా దాగి ఉంది, ఏటా అదే పెద్ద రాబడి అయిన అయ్యవార్లూ ఉండేవారు. ఇప్పుడు జీతం ప్రభుత్వం ఇస్తుంది, నూలు ఉండ ఉపాధ్యాయిని కొంటున్నారు. పండుగ సరదా వీధినుంచి గదిలోకి వచ్చేలోగా డబ్బు నడిచే దిక్కు మారింది.

ప్రక్షిప్త విచారం

ప్రక్షిప్తం అనగా మూలకర్త రాయనిది తర్వాత ఇంకొకరు చొప్పించినది. మర్నాటి సాయంత్రం చూసినప్పుడు బోర్డు మీద మూడు సూత్రాల కింద నాలుగో వాక్యం ఒకటి కనబడింది: సెలవులకు హోంవర్కు లెదు. ఇది ప్రక్షిప్తమని తేల్చడానికి మూడు హేతువులు చాలు. మూలం తెల్ల సుద్దతో ఉండగా ఇది గులాబీ రంగు సుద్దతో ఉంది. మూలం నిలబడి రాసిన ఎత్తులో ఉండగా ఇది పదేళ్ల పిల్లవాడి భుజం ఎత్తులో ఉంది. మూలంలో ఒక్క అక్షరదోషం లేకపోగా ఇందులో ఏత్వం ఉండవలసిన చోట ఎత్వం ఉంది. దుప్పటి కప్పుకున్న ఎద్దు మీద అనుమానం ఉన్నా వేళ్లకు గులాబీ రంగు అంటినవారు ఆ తరగతిలో ఆరుగురు ఉండటంతో కర్తృత్వం తేలలేదు.

మూలకర్త్రి బోర్డు దగ్గరికి వెళ్లి, డస్టరు చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టి, సుద్దముక్కతో ఎత్వాన్ని ఏత్వం చేసి, లెదు అన్నదాన్ని లేదు అని దిద్ది ఊరుకున్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం చివరి అధికరణంలో గ్రంథాన్ని అర్థం చేసుకోవడానికి 32 తంత్రయుక్తులు చెప్పబడ్డాయి. వాటిలో అనుమతం ఒకటి; ఇతరులు అన్న మాటను ఖండించకుండా వదిలితే అది తనకూ సమ్మతమే అని దాని భావం. ఖండించకపోతేనే సమ్మతి అయినప్పుడు, దిద్దిన తర్వాత ఇక చర్చ లేదు. కాబట్టి పుట్టుకచేత ప్రక్షిప్తమైనా ఈ వాక్యానికి మూలంతో సమానమైన ప్రామాణ్యం ఉంది, సెలవుల కోసం ముందే రాసి ఉంచిన లెక్కల కాగితాలు ఆ సాయంత్రమే బీరువాలో పెట్టి తాళం వేయడమైనది.